అట్టపెట్టె మీది ఊరు

మా నాన్నకి తెనాలిలో ఆటసామాన్ల కొట్టు ఉండేది. పెద్దదేం కాదు, రెండు షట్టర్లు, వెనక ఒక గది, పైన అటక. ఏటా మే నెలాఖరుకి లారీ ఆఫీసు నుంచి కబురొచ్చేది, పంజాబ్‌లోని జలంధర్ నుంచి సరుకు దిగిందని. బడులు తెరిచేలోపు వాలీబాల్స్, ఫుట్‌బాల్స్, నెట్లు, క్రికెట్ కిట్లు అన్నీ అల్మరాల్లో సర్ది ఉండాలి, లేదంటే డ్రిల్లు మాస్టార్లు గుంటూరు బస్సెక్కేస్తారు. సరుకు కాగితాలేమో బ్యాంకుకి వచ్చేవి, డబ్బు కట్టి వాటిని విడిపించుకుంటే గానీ లారీ ఆఫీసులో పెట్టె ఇవ్వరు, ఆ వారం పదిరోజులూ ఇంట్లో అందరికీ టెన్షనే. పెట్టెలకి గోనెపట్టా చుట్టి కుట్టి, దాని మీద నల్ల రంగుతో ఒక పక్క మా కొట్టు పేరు, ఇంకో పక్క 'జలంధర్ సిటీ' అని రాసి ఉండేది. ఢిల్లీ ఎక్కడుందో తెలియక ముందే నాకు జలంధర్ తెలుసు. మన దగ్గర మామిడి కాసినట్టు అక్కడ బంతులు కాస్తాయనుకునేవాణ్ణి.

ఆ పేరు ఇంకోచోట కూడా వినపడేది. కార్తీకమాసంలో తులసికోట దగ్గర దీపం పెట్టి అమ్మమ్మ జలంధరుడి కథ చెప్పేది, సముద్రంలో పుట్టిన రాక్షసుడు, భార్య బృంద పాతివ్రత్యం ఉన్నంతకాలం శివుడంతటివాడు కూడా ఏమీ చెయ్యలేకపోవడం, విష్ణువు చేసిన మోసం, బృంద తులసి అవడం. రాక్షసుడి పేరూ పెట్టె మీది పేరూ ఒకటే ఎందుకున్నాయని అడిగితే అమ్మమ్మ "అదే ఊరేమోరా" అనేసింది, తెలిసి కాదు, నన్ను వదిలించుకోవడానికి. ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది ఆవిడ అన్నది నిజంగా అక్కడివాళ్ళు చెప్పుకునే మాటేనని. ఊరికి ఆ పేరు జలంధరుడి నుంచే వచ్చిందంటారు, కోట్ కిషన్‌చంద్ అనే పేటలో బృందకి గుడి కూడా ఉంది.

తొంభైల్లో ఒకసారి ఏమైందంటే, రెండు డజన్ల వాలీబాల్స్ వచ్చాయి, సాయంత్రం గాలి కొడితే పొద్దుటికి అప్పడాలు. ఏ కంపెనీవో చెప్పను గానీ, నాన్న వాళ్ళకి కోపంగా ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు (కోపం వచ్చినప్పుడు ఆయన ఇంగ్లీషు మరీ మర్యాదగా తయారవుతుంది). మూడు వారాలకి పార్సిల్ వచ్చింది, బంతి లోపల గాలి పట్టే కొత్త బ్లాడర్లు రెండు డజన్లు, లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల క్షమాపణ. బ్లాడరు మార్చాలంటే కుట్టు విప్పాలి, మళ్ళీ కుట్టాలి, తెనాలిలో ఎవరు కుడతారు? గడియారం స్తంభం దగ్గర చెప్పులు కుట్టే ఒక తాతని పిలుచుకొచ్చాం. ఆయన గంటన్నర కుస్తీ పట్టి ఒక్కటి పూర్తి చేసి, మిగతావి పక్కకి తోసేసి, "ఇది లోపల కూచుని కుట్టినట్టుంది బాబూ, బయట్నుంచి నావల్ల కాదు" అని లేచిపోయాడు.

ఆ మాట నాకు గుర్తుండిపోయింది. మొన్న ఆగస్టులో మా అక్క కొడుకుని ఇంజినీరింగ్‌లో చేర్చడానికి అటు వెళ్ళాల్సి వచ్చినప్పుడు, అందుకే, ఆ పాత లెటర్‌హెడ్‌ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను.

మేనల్లుడి కాలేజీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జలంధర్‌కీ ఫగ్వారాకీ మధ్య జీటీ రోడ్డు మీద ఉండే లవ్లీ ప్రొఫెషనల్ యూనివర్సిటీలో మనవాళ్ళు ఎంతమంది చదువుతారో మీలో చాలామందికి తెలుసు, ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకళ్ళ పిల్లలు అక్కడ ఉంటారు, లా గేటు దగ్గర పప్పూ గోంగూరా వెతుక్కోనక్కర్లేదు. తెలియని సంగతి ఏంటంటే ఆ లవ్లీ అన్న పేరు 1961లో జలంధర్ కంటోన్మెంటులో పెట్టిన మిఠాయి కొట్టుది. ముందు స్వీట్లు, తర్వాత వాహనాల డీలర్‌షిప్పులు, 2005లో యూనివర్సిటీ. మేనల్లుడికి చెప్తే "మావయ్యా, మెస్‌లో స్వీటు మాత్రం బాగానే ఉంటుందన్నమాట" అన్నాడు. వాడిని హాస్టల్లో దింపేసి, రెండు రోజులు నావి అనుకుని జలంధర్ బస్సెక్కాను.

లెటర్‌హెడ్ మీద బస్తీ నౌ అని ఉంది. బస్తీ అంటే మనకి హైదరాబాదు లెక్కన పేదల పేట గుర్తొస్తుంది. జలంధర్‌లో బస్తీ అంటే వేరు. మొఘలుల కాలంలో వజీరిస్తాన్ వైపు నుంచి వచ్చిన బుర్కీ పఠాన్లూ మరికొందరూ పాత ఊరికి బయట కట్టుకున్న పేటలు అవి, బస్తీ దానిష్‌మందాఁ, బస్తీ షేక్, బస్తీ గుజాఁ, బస్తీ నౌ. ఇప్పుడు ఊరు పెరిగి అన్నిటినీ మింగేసింది. 2011 లెక్కల్లోనే నగర జనాభా 8 లక్షల 60 వేల పైచిలుకు. ఈ-రిక్షా దిగి నడుస్తుంటే సందుల రెండు వైపులా ఆటసామాన్లే, నాన్న కొట్టులాంటివి వందలు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని. గుమ్మాల ముందు బాక్సింగ్ గ్లవ్‌లు ద్రాక్షగుత్తుల్లా వేలాడుతున్నాయి, ఒకచోట గాలి నింపని రగ్బీ బంతులు గుట్టగా పోసి ఉన్నాయి. ఇక్కడ రగ్బీ ఎవరు ఆడతారు అని అడిగితే నవ్వాడు షాపాయన, మేం కుడతాం, తెల్లవాళ్ళు ఆడతారు అని.

ఈ బస్తీలకి ఒక చిత్రమైన సంగతి ఉంది. జహంగీర్ ఖాన్ అని, 1932లో లార్డ్స్‌లో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టులో ఆడిన బౌలరు, పుట్టింది బస్తీ గుజాఁలో. 1936లో అదే లార్డ్స్‌లో కేంబ్రిడ్జి తరఫున ఆయన వేసిన బంతికి ఒక పిచ్చుక చచ్చిపోతే దాన్ని గడ్డి కూరి ఆ బంతితో పాటు అక్కడి మ్యూజియంలో పెట్టారు, ఇప్పటికీ ఉంది. ఆయన కొడుకు మాజిద్ ఖాన్ పాకిస్తాన్‌కి ఆడాడు. ఇమ్రాన్ ఖాన్ వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళు కూడా ఈ జలంధర్ బుర్కీలే. దేశవిభజనతో వాళ్ళంతా లాహోరు వెళ్ళిపోయారు. క్రికెట్ ఆడే కుటుంబాలు ఖాళీ చేసిన పేటల్లోకి క్రికెట్ బ్యాట్లు చేసేవాళ్ళు వచ్చి దిగారు. ఎవరూ అనుకుని చేసింది కాదు.

వాళ్ళు వచ్చింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ నుంచి. ఇంగ్లీషువాళ్ళ కాలంలో సియాల్‌కోట్ పెద్ద కంటోన్మెంటు, దొరలకి టెన్నిస్ రాకెట్టు తెగినా ఫుట్‌బాల్ పగిలినా ఓడలో ఇంగ్లండ్ పంపాలి. ఒక దొర తన పగిలిన బంతిని గుర్రపు జీనులు కుట్టేవాడికి ఇస్తే, వాడు బాగుచేసిచ్చి, దాన్ని చూసి కొత్తది కూడా చేసేశాడని ఒక కథ చెప్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ ఊరు ఆటసామాన్లు ఎగుమతి చేస్తోంది. అక్కడ పెట్టుబడి చాలావరకు హిందూ, సిక్కు కుటుంబాలది, చేతిపని ఎక్కువగా ముస్లింలది. 1947లో యజమానులు ఇటొచ్చారు, పనివాళ్ళు చాలామంది అక్కడే ఉండిపోయారు. వచ్చినవాళ్ళలో కొందరు మీరట్ వెళ్ళారు, ఎక్కువమంది జలంధర్‌లో ఆగారు. అచ్చులు, మిషన్లు, గిడ్డంగులు అన్నీ అక్కడ వదిలేసి, విదేశాల్లో ఎవరు కొంటారో ఆ అడ్రసులు మాత్రం తలలో పెట్టుకుని వచ్చారు. బంతుల మీద నివియా బ్రాండు చూశారు కదా, ఆ కుటుంబం 1934లో మొదలుపెట్టింది సియాల్‌కోట్‌లోనే.

జలంధర్ ఇటే ఉంటుందని కూడా అప్పుడు ఖాయంగా ఎవరికీ తెలీదు. జలంధర్, నకోదర్ తహశీళ్ళలో ముస్లింల సంఖ్యే ఎక్కువ, ఆ ప్రాంతాల విషయంలో చాలాసేపు తటపటాయించానని సరిహద్దు గీసిన రాడ్‌క్లిఫే తన నివేదికలో రాసుకున్నాడు. గీత ఎటు పడిందో ఆగస్టు 17న గానీ బయటపెట్టలేదు, అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి రెండు రోజులు. పాకిస్తాన్ జాతీయగీతం రాసిన హఫీజ్ జలంధరీ పేరులోనే ఊరుంది, అక్కడ పదకొండేళ్ళు గద్దె మీద కూర్చున్న జియా ఉల్ హక్ పుట్టింది ఇక్కడే, 1924లో. ఇటు చూస్తే గాయకుడు కె.ఎల్. సైగల్ చివరి రోజుల్లో ఈ ఊరు చేరి, 1947 జనవరిలో, ఆ గొడవలేవీ చూడకుండానే పోయాడు.

ఇక నా వెతుకులాట. బస్తీ నౌలో ఆ లెటర్‌హెడ్ చూపిస్తూ పదిమందిని అడిగాను. కంపెనీ పేరు ఎవరికీ తెలియలేదు. ఒకాయన, పెద్ద వయసు, లేత గులాబీ తలపాగా, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఫోన్‌ని మొహానికి ఆనించుకుని చూసి, "కంపెనీ తెలీదు గానీ ఇది అచ్చు వేసిన ప్రెస్ తెలుసు" అన్నాడు. ఆ అంచు మీది పువ్వుల దిమ్మ ఆ ప్రెస్ వాళ్ళ దగ్గరే ఉండేదట. పక్క సందులోనే అంటే వెళ్ళాను. ప్రెస్ ఉంది, కాకపోతే ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నారు. ఆరబెట్టిన ఫ్లెక్సీలన్నీ ఒకే రకం, కెనడా జెండా మీది మేపుల్ ఆకు, ఒక అమ్మాయి నవ్వుమొహం, 'స్టడీ వీసా, స్పౌజ్ వీసా, ఐఈఎల్‌టీఎస్ లేకపోయినా సరే'. ఆ కంపెనీ సంగతి వాళ్ళకీ తెలీదు. అక్కడితో వదిలేశాను.

తలపాగా ఆయన మాత్రం నన్ను వదల్లేదు. తెనాలి నుంచి వచ్చానంటే ఆ ఊరెక్కడో తెలీదన్నాడు, విజయవాడ పక్కన అంటే "అచ్ఛా, విజయవాడ పార్టీ!" అని లస్సీ తెప్పించాడు. వ్యాపారస్తులకి దేశం పటం ఇలాగే ఉంటుంది, పార్టీలు, అంటే సరుకు కొనేవాళ్ళు, ఉన్న ఊళ్ళే ఊళ్ళు. బంతి కుట్టడం చూడాలి పాజీ, చిన్నప్పటి కోరిక అన్నాను. తన మనిషిని స్కూటరు మీద ఇచ్చి ఊరి బయట ఒక ఇంటికి పంపాడు.

నులకమంచం పక్కన పీట మీద ఒక యాభై ఏళ్ళావిడ. రెండు మోకాళ్ళ మధ్య చెక్క పట్టుగొయ్య, అందులో రెండు ముక్కలు అంచులు కలిపి బిగించి ఉన్నాయి. మైనం పట్టించిన దారం ఒకటే, దానికి రెండు కొసలా రెండు సూదులు, ముందే పొడిచి ఉన్న ఒక్కో కన్నంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటాలి, తర్వాత రెండు చేతులూ రెక్కల్లా బారెడు చాపి దారాన్ని గుంజాలి. పాతరకం ఫుట్‌బాల్‌లో 32 ముక్కలు ఉంటాయి, ఆరు మూలలవి 20, అయిదు మూలలవి 12, మొత్తం ఆరేడు వందల కుట్లు. రోజంతా కూర్చుంటే రెండో మూడో. అసలు రహస్యం ఏంటంటే బంతిని తిరగేసి కుడతారు, లోపలి వైపు బయటికి ఉంటుంది. చాలావరకు అయ్యాక దాన్ని గుడ్డసంచిలా తిరగదిప్పి, బ్లాడరు పెట్టి, ఆ ఆఖరి జానెడు మాత్రం బయట్నుంచి ముడి కనపడకుండా మూస్తారు. మా చెప్పులు కుట్టే తాత అన్నది అక్షరాలా నిజం, లోపల కూర్చునే కుడతారు. ఆఖరి జానెడు ఎలా మూయాలో తెలియక ఆయన ఓడిపోయాడు.

"ఎన్నేళ్ళ నుంచి బీబీజీ?" అంటే పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అంది, అత్తగారు నేర్పిందట. బంతికి ఎంత ఇస్తారో చెప్పింది, గంటకి ఎంత పడుతుందో లెక్క కట్టబోయి మానేశాను. వేళ్ళ మధ్య దారం ఒరిసిన గీతలు, అరచేతిలో చెప్పు కరిచిన మడమలా గట్టిపడిన చర్మం. ఒకప్పుడు ఇళ్ళలో పిల్లలు కూడా కుట్టేవాళ్ళు. తొంభైల్లో సియాల్‌కోట్‌లో పిల్లలు బంతులు కుట్టే ఫోటోలు ప్రపంచమంతా తిరిగి, 1997లో అట్లాంటాలో పిల్లల చేత బంతులు కుట్టించకూడదని ఒప్పందం జరిగాక, ఆ ఒత్తిడి జలంధర్ మీదా పడింది, తనిఖీలు మొదలయ్యాయి. మంచిదే. కానీ పెద్దవాళ్ళ కూలి పెరక్కుండా పిల్లల్ని మాత్రం పనిలోంచి లేపేస్తే ఇల్లు ఎలా గడవాలో ఆ తనిఖీ కాగితాల్లో ఉండదు కదా. ఈలోగా మిషను కుట్టు వచ్చింది, తర్వాత అసలు కుట్టే లేకుండా వేడితో అతికించే బంతులు వచ్చాయి, ప్రపంచకప్‌లో 2006 నుంచి అవే. సియాల్‌కోట్ ఆ మార్పుని త్వరగా పట్టుకుంది, 2014 ప్రపంచకప్ బంతి బ్రజూకా తయారైంది అక్కడే. జలంధర్ వెనకపడింది. లస్సీ పోసిన పెద్దాయన్ని అడిగితే "వాళ్ళ దగ్గర పనివాళ్ళు మిగిలారు, మా దగ్గర యజమానులు మిగిలారు" అన్నాడు. పూర్తిగా నిజం కాకపోవచ్చు, చైనా ఉంది, ముడిసరుకు మీద పన్నులున్నాయి, కానీ ఆయన అన్నప్పుడు నాకు ఎదురు చెప్పాలనిపించలేదు.

ఇక్కడ మనవాళ్ళు రాసే పంజాబ్ వ్యాసాల్లో కనపడని సంగతి ఒకటి చెప్పాలి. భాంగ్రా, బల్లే బల్లే, పెద్ద ట్రాక్టరు, జమీందారు, మనకి పంజాబ్ అంటే అంతే. దేశంలో దళితుల శాతం అందరికన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రం పంజాబ్, 2011లో దాదాపు 32. ఈ దోఆబా ప్రాంతంలో, అంటే బియాస్, సట్లెజ్ నదుల మధ్య, ఇంకా ఎక్కువ. జలంధర్‌లో బూటా మండీ అని తోళ్ళ బజారు ఉండేది, తోలు పని అంటరానిదని పైవాళ్ళు ముట్టుకోలేదు కాబట్టే ఆ వ్యాపారం దళితుల చేతుల్లో ఉండి, అందులోంచి డబ్బున్న కుటుంబాలు లేచాయి. ఆ డబ్బుతో బడులు, సంఘాలు, పత్రికలు వచ్చాయి. 1951లో అంబేడ్కర్ జలంధర్ వచ్చినప్పుడు ఆయనకి అంత జనం పోగవడం వెనక ఈ బజారుంది. 1926లో మంగూరామ్ మొదలుపెట్టిన ఆద్‌ధర్మ్ ఉద్యమం, మేం హిందువులం కాదు, సిక్కులం కాదు, ఈ నేలకి ఆది మనుషులం అని 1931 జనాభా లెక్కల్లో వేరే మతంగా రాయించుకుంది. చదువుతుంటే మన భాగ్యరెడ్డి వర్మ, 1917లో బెజవాడ సభలో 'పంచములు' అన్న మాట తీసేసి 'ఆది ఆంధ్రులు' అనుకోవడం గుర్తుకొస్తుంది. రెండు ఊళ్ళ మధ్య రెండువేల కిలోమీటర్లు, ఒకళ్ళ భాష ఇంకొకళ్ళకి రాదు, వెతుక్కున్న మాట మాత్రం ఒకటే, 'ఆది'.

తోలు పరిశ్రమని తర్వాత ఊరి బయట లెదర్ కాంప్లెక్సుకి మార్చారు. ఆ నీళ్ళు కాలా సంఘియాఁ డ్రైనులో పడి నల్లగా పారుతుంటాయి. స్కూటరు మీద పక్కనుంచి పోతుంటే ముక్కు మూసుకున్నాను, నన్ను తీసుకెళ్ళే కుర్రాడు మూసుకోలేదు.

మంగూరామ్ అమెరికాలో ఉన్నప్పుడు గదర్ పార్టీ మనిషి. రెండో రోజు పొద్దున దేశ్ భగత్ యాద్‌గార్ హాలుకి వెళ్ళింది అందుకే, గదర్ వీరుల జ్ఞాపకంగా కట్టిన హాలు అది, ఏటా నవంబరు 1కి అక్కడ మేళా జరుగుతుంది, 1913లో 'గదర్' పత్రిక మొదటి సంచిక వచ్చిన రోజు. అమెరికా, కెనడాల్లో రంపపు మిల్లుల్లో, పొలాల్లో కూలి చేసుకుంటున్న పంజాబీ రైతులు, ఓడలెక్కి తిరిగొచ్చి ఇంగ్లీషువాణ్ణి తరిమేద్దామనుకున్నారు. చాలామంది దోఆబావాళ్ళు. పట్టుబడ్డారు. కర్తార్ సింగ్ సరాభాని 1915 నవంబరులో లాహోరులో ఉరితీశారు, అప్పుడు వాడికి 19 ఏళ్ళు, మా మేనల్లుడికన్నా ఒక ఏడాది పెద్ద. గోడల నిండా ఫోటోలు. నేను ఒక్క ఫోటో కోసం వెతికాను, మన కనిగిరి దరిశి చెంచయ్య గారిది. చదువుకోవడానికి అమెరికా వెళ్ళి గదర్ పార్టీలో చేరి, జైళ్ళు తిరిగి, తర్వాత 'నేనూ నా దేశం' అని ఆత్మకథ రాసిన మనిషి. ఉండే ఉంటుంది, అన్ని మొహాల్లో నాకే దొరకలేదు. అక్కడ కూర్చున్న పెద్దమనిషితో ఒక తెలుగాయన కూడా ఉన్నాడండీ గదర్‌లో అంటే, లేచి నిలబడి నాతో చెయ్యి కలిపాడు. చెంచయ్య గారి బదులు నేను తీసుకున్నాను.

అమెరికా వెళ్ళి, ఉన్నదంతా అమ్ముకుని పోరాడటానికి వెనక్కొచ్చిన మనుషుల ఊరిది. ఇప్పుడు ఆ హాలు బయటికి రాగానే ఎదురుగా వీసా కన్సల్టెన్సీల బోర్డులు. నవ్వేం కాదు, మనమేం తక్కువ తిన్నామని. తల్హన్ అనే ఊళ్ళో బాబా నిహాల్ సింగ్ గురుద్వారాకి కూడా వెళ్ళాను, అక్కడ జనం బొమ్మ విమానాలు ముడుపుగా పెడతారు. గుమ్మం బయట కొట్లలో పెద్దవి, చిన్నవి, ఎయిరిండియావి, లుఫ్తాన్సావి, మన గుడి ముందు కొబ్బరికాయలు అమ్మినట్టు. ఒక ముసలావిడ మనవడి చేత విమానం పట్టించుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. వాడు దాన్ని గాల్లో ఊపుతూ నోటితో సౌండు చేస్తున్నాడు. మన చిలుకూరు బాలాజీ గుళ్ళో 108 ప్రదక్షిణాలు చేసేవాళ్ళ చేతిలో టిక్కులు పెట్టే కార్డు ఉంటుంది కదా, ఇక్కడ విమానం, అంతే తేడా. చుట్టుపక్కల ఊళ్ళలో మేడల మీద నీళ్ళ ట్యాంకుల్ని విమానం, ఫుట్‌బాల్, గద్ద ఆకారాల్లో కట్టుకుంటారు. కింద మాత్రం చాలా ఇళ్ళకి తాళాలు. మా కృష్ణా, గుంటూరు పల్లెల్లో మూసి ఉన్న మేడలు చూసినవాణ్ణి, ఆ తాళాలు నాకు కొత్త కాదు.

హాకీ సంగతి చెప్పకపోతే నాన్న ఊరుకోడు. కంటోన్మెంటు పక్కన సన్సార్‌పూర్ అని ఒక పల్లె, ఆ ఒక్క పల్లె నుంచి 14 మంది ఒలింపిక్స్ ఆడారు, దాదాపు అందరూ కులార్ ఇంటిపేరువాళ్ళే. ఊధమ్ సింగ్ నాలుగు ఒలింపిక్స్ ఆడి మూడు స్వర్ణాలు, ఒక రజతం తెచ్చాడు, 1975లో మనం ప్రపంచకప్ గెలిచినప్పటి కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్ అక్కడివాడే. తర్వాత ఆ ఊరు చల్లబడింది. 1976 మాంట్రియల్ నుంచి ఆట కృత్రిమ గడ్డి మీదికి మారింది, పల్లెలో అంత ఖరీదైన మైదానం ఎక్కడిది, పైగా ఆడే వయసు కుర్రాళ్ళు విదేశాల బాట పట్టారు. అదే గడ్డి కర్రల్ని కూడా మార్చేసింది. నాన్న కొట్టులో మల్బరీ కర్ర హాకీ స్టిక్కులు ఉండేవి, వంపు దగ్గర నూనె పెట్టి తుడిచేవాడు. ఇప్పుడు పెద్ద ఆటల్లో అన్నీ కార్బన్, ఫైబర్ స్టిక్కులే, మల్బరీ కర్ర వంచే పనివాళ్ళ కోసం ఊరంతా తిరిగినా ఇద్దరు ముగ్గురికన్నా కనపడలేదు నాకు. ఆట మాత్రం పక్క ఊరికి నడిచిపోయింది, మిఠాపూర్‌కి. ఒకప్పటి మన హాకీ కెప్టెన్ పర్గత్ సింగ్‌ది అదే ఊరు, టోక్యోలో 41 ఏళ్ళ తర్వాత మనకి పతకం వచ్చినప్పటి కెప్టెన్ మన్‌ప్రీత్ సింగ్‌దీ అదే.

ఇంకా చాలా ఉన్నాయి. ఉగ్రవాదం రోజుల్లో సంపాదకుల్నే పోగొట్టుకున్నా ఆగని పత్రికల ఊరు, 1981లో లాలా జగత్ నారాయణ్‌ని కాల్చేశారు, మూడేళ్ళకి కొడుకు రమేశ్ చందర్‌ని. దేవీ తాలాబ్ దగ్గర 1875 నుంచి ఏటా జరిగే హర్‌వల్లభ్ సంగీత సమ్మేళనం, డిసెంబరు చివర, ఎముకలు కొరికే చలిలో, టికెట్టు లేకుండా, రజాయిలు కప్పుకుని రాత్రి పొద్దుపోయేదాకా హిందుస్తానీ సంగీతం వింటారట. నేను వెళ్ళింది ఆగస్టు, ఉక్కపోతలో ఖాళీ ప్రాంగణం, చెరువు నీళ్ళు చూసి వచ్చాను. కర్తార్‌పూర్ కూడా బస్సులోంచే, రోడ్డు పొడుగునా ఫర్నిచరు కొట్లు. ఇది కారిడార్ కర్తార్‌పూర్ కాదు, అది పాకిస్తాన్‌లో ఉంది, 1604లో గురు అర్జన్ కూర్చిన సిక్కుల ఆది గ్రంథం ప్రతి ఉన్నది ఈ కర్తార్‌పూర్‌లో.

వచ్చేముందు తలపాగా ఆయన దగ్గర ఒక వాలీబాల్ కొన్నాను, చేతికుట్టు, 18 ముక్కలది. డబ్బు తీసుకోనన్నాడు, విజయవాడ పార్టీ పాతబాకీ అనుకో అన్నాడు. బలవంతం చేసి ఇచ్చాను, సగం వెనక్కిచ్చాడు. రైల్లో పట్టదని గాలి తీసి మడిచి బ్యాగులో పెట్టాను.

నాన్నకి ఇప్పుడు 79. కొట్టు మూసి పదేళ్ళు దాటింది, ఇప్పుడందరూ ఫోన్లో ఆర్డరు పెట్టుకుంటున్నారు. బంతి చేతికిస్తే కళ్ళజోడు కూడా వెతుక్కోలేదు, కుట్టు వెంట బొటనవేలు నడిపిస్తూ పోయి, ఒకచోట ఆగి, "ఇక్కడ మూశారు" అన్నాడు. ఆ ఆఖరి జానెడు. నాకైతే ఎంత చూసినా తేడా తెలియలేదు. మేనల్లుడు ఎలా ఉన్నాడు, తిండి బాగుందా, చలికి రజాయి కొన్నావా అని ఒక్క మాట అడగలేదు గానీ బంతిని ఒళ్ళో పెట్టుకుని, గాలి కొట్టు, రాత్రంతా ఉంచి చూద్దాం అన్నాడు. అటక మీంచి పాత పంపు దింపాను. పిన్ను తెచ్చావా అన్నాడు.

ఆటసామాన్ల ఊళ్ళో రెండు రోజులు తిరిగి, పిన్ను తేవడం మర్చిపోయాను.